పంటినొప్పి పిల్లాడు

యొన్‌హ్వా అక్క రాళ్లు మోసీ మోసీ నా లారీ కమాన్ కట్ట రెండుసార్లు విరిగింది. ఆమె గురించి చెప్పమని ఎవరడిగినా నేను మొదట చెప్పేది అదే. సియోల్ నుంచి పత్రికలవాళ్లు వస్తుంటారు, ఒకసారి జపాన్ నుంచి కూడా వచ్చారు. అద్దాల పెట్టెలో ఆమె గుర్రపు వెంట్రుకతో, వెండి తీగతో అల్లిన బ్రూచ్‌లు చూస్తారు. పెరట్లోకి వెళ్లి నడుమెత్తు నల్లరాళ్లు చూస్తారు. ఈ రెండూ చేసింది ఒకే మనిషా అని ముక్కున వేలేసుకుంటారు. ఆవిడేమో నాలుగు ముక్కలు మాట్లాడి టీ పెట్టడానికి లేచిపోతుంది. అప్పుడు వాళ్లకు నేను దొరుకుతాను. చిన్నప్పటి నుంచి ఎరుగుదురట కదా అంటారు. ఎందుకెరగను. మా ఇంటికీ వాళ్ల ఇంటికీ మధ్య ఉన్నది ఒక్క రాతిగోడ. దాన్ని కట్టింది వాళ్ల నాన్నే.

పత్రికల్లో వచ్చినవన్నీ తప్పులని అనను. అసలు సంగతి మాత్రం ఒక్కదాంట్లోనూ రాలేదు, నేను చెప్పినా రాసుకోలేదు. సమాధులూ గడ్డీ మాకెందుకు, ఆమె కళ గురించి చెప్పండి అన్నారు. సరే, వాళ్ల ఖర్మ.

వాళ్ల నాన్న మా ఊరి రాతిపని మనిషి. మా దీవిలో పెద్దవాళ్లను ఆడైనా మగైనా సాంచున్ అనే పిలుస్తాం కాబట్టి ఆయన మాకు రాతి సాంచున్, ఆయన భార్య టోపీ సాంచున్. ఆయన పొలాలకు గోడలు కట్టేవాడు, ఇళ్లకు కట్టేవాడు, అన్నిటికన్నా ఎక్కువగా సమాధులకు కట్టేవాడు. మా సమాధులు కొండ వాలులో, గుర్రాలు మేసే బీళ్లలో ఉంటాయి. గుర్రాలు తొక్కకుండా, ఎండుగడ్డికి నిప్పు పెట్టినప్పుడు మంట లోపలికి పాకకుండా చుట్టూ గోడ ఉండాలి. సున్నం ఉండదు, మట్టి ఉండదు, రాయి మీద రాయి. రెండు వరసలు కట్టి మధ్యలో పనికిరాని ముక్కలు పోస్తారు. దాన్ని గోడ కడుపు అంటారు.

రాతి సాంచున్‌కు ఒక జబ్బుండేది. ఒకరు చేసిన పని వంకరగా కనపడితే దిద్దకుండా వదిలేవాడు కాదు. ఒక వర్షాకాలం మా గోడ మూడు బారల మేర కూలితే మా నాన్న తనకు తోచినట్టు పేర్చుకున్నాడు. మర్నాడు పొద్దున్నే రాతి సాంచున్ వచ్చి, పలకరింపైనా లేకుండా, ఆ మూడు బారలూ విప్పి మళ్లీ కట్టడం మొదలెట్టాడు. మా నాన్నకు ఒళ్లు మండింది.

"మా గోడ మా ఇష్టం. వంకరగా ఉంటే నీకేం?"

"గోడ నీదే. రోజూ చూడాల్సింది నేను," అన్నాడాయన, తలెత్తకుండానే.

కూలీకి పెట్టుకున్నవాళ్ల పనైనా అంతే. రాయికీ రాయికీ మధ్య సందులో చిన్న చీలిక దోపితే కనిపెట్టేసేవాడు. ఆయన గోడలో చీలికలుండవు. రాయి తనంతట తాను కూర్చోవాలి, కూర్చోకపోతే ఆ రాయి అక్కడిది కాదు, అంతే.

బయట ఉలి చప్పుడు ఎంత మోగేదో లోపల గదిలో అంత నిశ్శబ్దం. అక్కడ టోపీ సాంచున్ కూర్చుని చెక్కదిమ్మ మీద గుర్రపు తోక వెంట్రుకతో టోపీ అల్లుతూ ఉండేది. పూర్వం పెద్దమనుషులు జుట్టు ముడి మీద పెట్టుకునే పల్చటి నల్ల టోపీ అది. మా చిన్నతనానికే దాన్ని పెట్టుకునే తలలు తగ్గిపోయాయి, పూజలు చేసే ముసలివాళ్లూ నాటకాలవాళ్లూ మిగిలారు. అయినా ఆవిడ అల్లేది. యొన్‌హ్వా అక్క ఏడేళ్లకే తల్లి పక్కన సూది పట్టుకుని కూర్చుంది. మనసు మాత్రం పెరట్లో ఉండేది. సందు దొరికితే తండ్రి రాలగొట్టిన పెళ్లలు ఏరుకుంటూ కనపడేది.

"లోపలికి పో. చేతులు బరకైతే వెంట్రుక నిలవదు," అనేవాడు ఆయన.

అందులో అబద్ధం లేదు. రాయి పట్టిన వేలికి సన్నటి చీరికలు పడతాయి. ఆ వేలితో వెంట్రుక ముట్టుకుంటే చిక్కుకుంటుంది, తెగుతుంది. ఒక మనిషికి రెండు పనులూ కుదరవు. ఆడపిల్లకు ఏది ఉంచాలో ఆ ఇంట్లో ఎవరినీ అడగనక్కర్లేదు.

ఆమెకు పదమూడో ఏట వాళ్ల నాయనమ్మ పోయింది. తల్లి సమాధి ముందు పెట్టడానికి రాతి సాంచున్ రెండు రాతిపిల్లలను చెక్కడానికి పూనుకున్నాడు. మా దగ్గర కలిగినవాళ్ల సమాధికి అలా పెడతారు. మోకాలెత్తు పిల్లలు, చేతులు గుండెకు ఆనించి నిలబడి ఉంటారు, పోయినవాళ్లకు తోడు. ఒకటి పూర్తి చేశాడు. రెండోదానికి ఒళ్లు తీసి, మొహం వదిలేసి, పొరుగూరిలో గోడ పని పడితే మూడు రోజులు వెళ్లాడు.

ఆ మూడు రోజులూ ఆమె ఉలి పట్టుకుని ఆ రాయి మీద కూర్చుంది. నాకు పదకొండేళ్లు. గోడ మీద గడ్డం ఆనించి చూస్తూ కూర్చున్నాను. చెబితే తంతానంది, చెప్పలేదు. కళ్లు బాగానే వచ్చాయి, ముక్కు వచ్చింది. నోటి దగ్గరకొచ్చేసరికి మా నల్లరాయి సంగతి తెలిసిందే కదా, ఒళ్లంతా చిల్లులు. ఉలి ఒక చిల్లులోకి జారింది. మూతి ఎడమవైపుకు లాగేసింది.

రాతి సాంచున్ తిరిగొచ్చి చాలాసేపు దానికెదురుగా నిలబడ్డాడు. తిట్టలేదు. గోనెసంచి కప్పి, బండి మీద వేసుకుని ఎటో తీసుకుపోయాడు. సాయంత్రం ఆమె గుమ్మంలో నిలబడి అడిగింది.

"నాన్నా, ఆ రాయి ఏం చేశావు?"

"గోడ కడుపులో వేశాను."

ఆమె లోపలికి వెళ్లి సూది పట్టుకుంది. ఆ రోజు ఆమె మొహం నేను గోడ ఇవతల నుంచి చూశాను. ఎవరైనా చచ్చిపోతే పెట్టే మొహం కూడా అలా ఉండదు. ఆ తర్వాత ముప్పై ఏడేళ్లు ఆమె రాయి ముట్టుకోలేదు.

నాయనమ్మ సమాధి దగ్గర ఏవో రెండు రాళ్లు నిలబెట్టారని విన్నాం. తండ్రి ఇంకొకటి చెక్కి ఉంటాడని ఆమె అనుకుంది. వెళ్లి చూసే వీల్లేదు. మా దగ్గర సమాధుల పని మగవాళ్లది. ఎనిమిదో నెల పాడ్యమికి వంశంలో మగవాళ్లందరూ కొడవళ్లతో కొండెక్కి సమాధుల మీద గడ్డి కోస్తారు. ఒసాకాలో ఉన్నవాడైనా విమానమెక్కి రావాల్సిందే, రానివాణ్ని ఏడాది పొడుగునా ఏకుతారు. ఆడపిల్లలు ఇంట్లో ఉండి అట్లు పోస్తారు.

ఆమె సియోల్ వెళ్లి లోహపు పని చదువుకుంది. అక్కడ వెండి కరిగించడం అందరికీ వచ్చు, గుర్రపు వెంట్రుక అల్లడం ఎవరికీ రాదు. తల్లి సూదితో, తల్లి కుట్టుతో, వెంట్రుకలో వెండి తీగ కలిపి అరచేతిలో పట్టే బ్రూచ్‌లు అల్లింది. వాటి నీడ కూడా అల్లినట్టే పడుతుంది, నేను చూశాను. ఆమె మొదటి ప్రదర్శనకు మేమంతా పడవెక్కి వెళ్లాం. టోపీ సాంచున్ అద్దానికి ముక్కు ఆనించి ఒక బ్రూచ్‌ను అటూ ఇటూ చూసి గట్టిగానే అడిగింది.

"కుట్టు బాగుందే. ఇంత బుల్లి టోపీ ఎవడి తలకే?"

"తలకి కాదమ్మా, గుండె మీద పెట్టుకుంటారు."

"గుండెకి టోపీ ఎందుకు, చలేస్తుందా?"

పక్కనున్న ప్రొఫెసర్లు ఆ మాట రాసుకున్నారు. రాతి సాంచున్ మాత్రం ఒక బ్రూచ్ బయటికి తీయించి, తిప్పి, వెనకవైపు చూశాడు. "వెనక కూడా శుభ్రంగా చేశావు," అన్నాడు. ఆయన నోట అంత పెద్ద మెచ్చుకోలు నేనెన్నడూ వినలేదు. ఆమెకు అది చాల్లేదు. మూడేళ్లకు ఆయన పోయాడు.

తర్వాత ఆమె పేరు బాగా పెరిగింది. జర్మనీలో ఏదో బహుమతి ఇచ్చారు. గది పట్టేంత పెద్దవి, వెంట్రుకతో అల్లి పైకప్పు నుంచి వేలాడదీసింది. అప్పటి నుంచి పేరు ముందు శిల్పి అని కూడా రాయడం మొదలెట్టారు. పెళ్లి అయింది, పోయింది. ఆ సంగతి ఆమె చెప్పదు, నేను అడగను. ఆమెకు నలభై ఏడో ఏట టోపీ సాంచున్ మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంటే ఊరొచ్చేసింది.

యాభై నిండిన ఏడు తండ్రి ఉలి బయటికి తీసింది. నేను గోడ మీద నుంచి చూసి అడిగాను.

"అక్కా, ఇప్పుడు తంతావా, చెప్పొచ్చా?"

"చెప్పుకో పోరా. తన్నే ఓపిక లేదు."

మూడేళ్లలో ఆమె వేళ్లు వాళ్ల నాన్న వేళ్లయిపోయాయి. ఒకరోజు వెంట్రుక పట్టుకుని చూసి, చిక్కుకుంటోందిరా తేగిల్ అని నాతో అంది. ఇక అల్లలేదు. నగలు మానలేదు. రాయి మీది చిల్లులను మైనంలో అద్ది, వెండి పోసి, మా నేలలా ఉండే ఉంగరాలూ బ్రూచ్‌లూ చేసింది. అవీ అమ్ముడుపోయాయి. రాళ్లను నేను ఓడరేవుకు మోశాను, మ్యూజియాలకు మోశాను, ఒకటి హోటల్ ముందు దింపాను. ఆమె పెరట్లో ఉన్నవి తప్ప ఊళ్లో మాత్రం ఒక్కటీ లేదు. ఎవరూ అడగలేదు.

ఒకరోజు లారీలో పక్కన కూర్చుని ఆమే అంది. "ఎక్కడెక్కడో నిలబడ్డాయి కదరా నా రాళ్లు. ఒక్కటి మన కొండ మీద, నాన్న కట్టిన గోడ లోపల నిలబడాలి. నాన్న నా రాయిని గోడ కడుపులో పడేశాడు. ఎప్పటికైనా గోడ లోపల నిలబెట్టకుండా నేను పోను."

నేను గేరు మార్చాను.

దానికి దారి ఎలా దొరికిందంటే, నాయనమ్మ సమాధి దగ్గరి రాతిపిల్లలను దొంగలు ఎత్తుకుపోయారని పదకొండేళ్లుగా వాళ్ల వంశంలో ఏడుపు. నమ్మాల్సిందే, ఆ రోజుల్లో రాతిపిల్లలను పెకలించి నగరాల్లో తోటలున్నవాళ్లకు అమ్మే ముఠాలుండేవి. అందరూ పాత తరాల సమాధుల కోతకు వెళితే, విడిగా ఉన్న ఆ సమాధిని చాలా ఏళ్లు అక్క వాళ్ల చిన్నాన్న ఒక్కడే చూసుకునేవాడు. ఆయన ఆసుపత్రి మంచం మీద నుంచి అక్క పెదనాన్న కొడుకు, నాయనమ్మకు పెద్ద మనవడు చాంగ్‌హోకు దారి చెప్పాడు, గుర్రాల తొట్టి దగ్గర ఎడమకు తిరిగితే రెండో గోడ అని. ఆయన పోయాక చాంగ్‌హో వెళ్లి చూస్తే గోడ ఉంది, గడ్డి ఉంది, రాళ్లు లేవు. అప్పటి నుంచి ఏటా అక్కడ దండం పెట్టి, దొంగల ఏడు తరాలనూ తిట్టి దిగి వచ్చేవాడు.

చాంగ్‌హో నారింజ తోటల ఆసామి. పెద్ద మనవడినన్న సంగతి నిద్రలో కూడా మర్చిపోడు. యొన్‌హ్వా అక్క వెళ్లి అడిగినప్పుడు బస్తాలు దించుతూ నేనక్కడే ఉన్నాను.

"అన్నయ్యా, నాయనమ్మకి రాతిపిల్లలు నేను చేస్తాను."

"నువ్వా? నీ రాయి హోటల్ ముందు చూశాను. దాని తల ఏదో కాలు ఏదో నాకింకా తెలీలేదు."

"వీటికి తల ఉంటుంది."

"ఆడపిల్ల చెక్కింది సమాధిలో పెడితే ఊరేమంటుంది?"

"ఊరు నన్ను ఎప్పుడూ ఏదో ఒకటి అంటూనే ఉందిగా. కొత్తేముంది?" అని, కాస్త ఆగి అడిగింది. "పాతవి ఎలా ఉండేవి? నిలబెట్టిన రోజు నువ్వెళ్లావుగా."

"రాళ్లు. రెండు. పద్దెనిమిదేళ్ల వెధవని, అట్లు ఎప్పుడు పెడతారా అని చూస్తున్నా గాని రాళ్లకేసి ఎవడు చూశాడు?"

మూడుసార్లు తిప్పించుకుని నాలుగోసారి ఒప్పుకున్నాడు. పైగా దొంగలు మళ్లీ రాకుండా అడుగున ఇనుప చువ్వ దిగ్గొట్టమన్నాడు. ఆమె రెండు చలికాలాలు చెక్కింది. ఒక పిల్ల చేతిలో వాళ్లమ్మ టోపీ దిమ్మ, ఇంకో పిల్ల చేతిలో వాళ్ల నాన్న సుత్తి. పోయినవాళ్లకి టోపీ దిమ్మ దేనికని చాంగ్‌హో సణిగాడు. నాకు మాత్రం వాటి మొహాలు చూస్తే పలకరించాలనిపించేది. అంతటి పని ఆమె ఇంకెప్పుడూ చేయలేదు.

పాడ్యమి నాడు కొండంతా పొగమంచు. మా వంశపు కోత ముందు ఆదివారమే అయిపోయింది కాబట్టి నేను ఖాళీ. రాతిపిల్లలను లారీలో వేసుకుని, పక్కన ఆమెను కూర్చోబెట్టుకుని బీళ్ల దారిలో ఎక్కాను. పైన పద్నాలుగు మంది మగవాళ్లు గడ్డికోత మిషన్లు ఆపి మావైపు చూశారు. ఆడమనిషి కొండెక్కింది కదా. ఆమె ఎవరికేసీ చూడలేదు. చాంగ్‌హో ముందుకొచ్చి, గోడ కూలిన చోటు చూపించి, ఇటు నుంచి దింపు అన్నాడు.

"నాయనమ్మ ఇంట్లోకి గోడ దూకి వెళతామా? దారి తీసి వెళ్దాం," అందామె.

ప్రతి సమాధి గోడలోనూ ఆత్మ వచ్చిపోవడానికి ఒక మూరెడు దారి వదులుతారు. ఆడవాళ్లకు కుడివైపు, మగవాళ్లకు ఎడమవైపు. ఆ దారి ఎప్పుడో రాళ్లు పడి పూడిపోయిందని అందరూ అనుకున్నారు. ఆమె కుడివైపు గోడ పొడుగునా చెయ్యి ఆనించి నడిచింది. ఒకచోట ఆగింది. మళ్లీ నడిచింది. వెనక్కి తిరిగి, సమాధి చుట్టి, ఎడమవైపుకు వెళ్లి రెండు రాళ్లు తీసి చూసి, అలాగే నిలబడిపోయింది. మోకాళ్ల నొప్పేమో అనుకుని దగ్గరికి వెళ్లాను.

"ఇది నాన్న గోడ కాదురా," అంది మెల్లగా. "చూడు, అన్నీ చీలికలే. దారి ఎడమవైపుంది. ఇక్కడున్నది మగాడు."

నేను చేసిన పని దాచుకోను. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, నోరు మూసుకోమన్నాను. "రెండేళ్లు చెక్కావు. నువ్వూ నేనూ తప్ప ఎవరికీ తెలీదు. పెట్టేద్దాం. చాంగ్‌హోకి పరువు, నీకు రాళ్లు. చెప్పావంటే మళ్లీ ఈ కొండ ఎక్కనివ్వడు."

ఆమె లారీ మీదున్న తన రాళ్లకేసి చూసింది. ఆ చూపు నాకు తెలుసు, పదకొండేళ్లప్పుడు గోడ మీద నుంచి చూసిందే. మొహం తుడుచుకుని చాంగ్‌హో దగ్గరికి నడిచింది.

"అన్నయ్యా, ఇది నాయనమ్మ కాదు."

చెప్పింది విని ఆయన ముందు నవ్వాడు, తర్వాత వెళ్లి ఎడమవైపు దారి చూశాడు, తర్వాత మొహం కందగడ్డలా అయింది. పూసాన్ నుంచి వచ్చిన కుర్రాడొకడు అన్నాడు.

"అయితే పదకొండేళ్లుగా ఎవరో తాతకి, నాయనమ్మా నాయనమ్మా అని దండాలు పెట్టామా?"

"పోసిన సారా అంతా ఆయనే తాగాడు మరి," అన్నాడు ఇంకొకడు. "అందుకే ఏ ఏడూ ఏమీ అనలేదు."

"నోళ్లు ముయ్యండి," అన్నాడు చాంగ్‌హో. గొంతులో కోపం లేదు, భయముంది. పెద్ద మనవడు సొంత నాయనమ్మను పోగొట్టుకుంటే ఇంకెవరికి మొహం చూపిస్తాడు.

గుర్రాల కాపరిని పిలిస్తే అతను తాపీగా చెప్పాడు. "ఆ తొట్టా? బోరు వేసినప్పుడు ఇటు మార్చాం. పన్నెండేళ్లయింది. పాతది అదిగో, దేవదారు చెట్ల అవతల ఉండేది."

పాత తొట్టి దిమ్మ దగ్గర ఎడమకు తిరిగి, రెండో గోడకు వెళ్లాం. గోడ కనపడలేదు, ముళ్లపొద ఒక గుట్టలా ఉంది. అందరూ కలిసి గంటసేపు నరికారు. మొదట ఒక మూల బయటపడింది. రాతి సాంచున్ కట్టిన గోడల మూలలు కొంచెం పైకి లేచి ఉంటాయి. ఆమె ఆ మూల మీద చెయ్యి వేసి కళ్లు మూసుకుంది. సందుల్లో ఒక్క చీలిక లేదు. దారి కుడివైపుంది.

ఆ దారిలోనే లోపలికి వెళ్లాం. ముళ్లు తీసేకొద్దీ రెండు తలలు పైకొచ్చాయి, నాచు పట్టి, చేతులు గుండెకానించుకుని. ఎవడూ ఎత్తుకుపోలేదు. చాంగ్‌హో నేల మీద చతికిలబడి ఏడ్చేశాడు. ఏడుస్తూనే ఒక రాయి మీది నాచు తుడిచి, నవ్వాడు.

"ఒరే, పంటినొప్పి పిల్లాడు. వీణ్ని మర్చేపోయాను. నిలబెట్టిన రోజు మేం పెట్టిన పేరు. మూతి చూడండి, బుగ్గ వాచినట్టు లేదూ?"

మూతి ఎడమవైపుకు లాగి ఉంది.

నేను ఆమెకేసి చూశాను. ఆమె ఆ రాయి ముందు కూర్చుని, బొటనవేలితో మూతి మొదలు నుంచి చివరిదాకా రాసింది. జారిన చోట వేలు ఆగింది. ఆ తర్వాత భుజాలు కదిలాయి. నలభై నాలుగేళ్లుగా గోడ కడుపులో ఉందనుకున్న రాయి అది. ఏంటని వాళ్లడిగారు. నేను చెప్పాను. మూడు రోజులూ చూసిన సాక్షిని నేనొక్కణ్నే కదా.

కాసేపటికి చాంగ్‌హో లేచి మట్టి దులుపుకున్నాడు. "నీవి కూడా తెచ్చి పెట్టు. నాలుగుంటే తప్పేముంది?"

"ఇక్కడ చోటు లేదన్నయ్యా. నిండిపోయింది," అందామె. "అవి ఆ తాతకి పెడదాం. ఆయనకి ఎవరూ వస్తున్నట్టు లేదు. పదకొండేళ్లు మన సారాకి అలవాటు పడ్డాడు."

"ఆయన మనుషులు వస్తే?"

"రాళ్లెవరివని అడుగుతారు. చెప్తాం."

ఆయన కాదనలేదు. ఆ మధ్యాహ్నమే దింపాం. టోపీ దిమ్మా సుత్తీ పట్టుకుని ఆ పిల్లలిద్దరూ ఎవరో తెలియని ముసలాయన ముందు నిలబడ్డారు. తర్వాత అందరం గోడ పక్కన కూర్చుని ముల్లంగి చుట్టిన అట్లు తిన్నాం, ఆమె కూడా మగవాళ్ల మధ్యనే కూర్చుని తింది.

ఇంటికి రాగానే ఆమె బూట్లు విప్పకుండా వసారాలో ఉన్న తల్లి ముందు నిలబడింది. టోపీ సాంచున్‌కు చూపు మందగించింది, సూది వదిలేసి చాలా ఏళ్లయింది. ఊరికే వేళ్లు మాత్రం ఒళ్లో కదులుతుంటాయి.

"అమ్మా, నాయనమ్మ దగ్గర నా రాయి ఉంది."

"ఉండకేం? మీ నాన్న పెట్టాడుగా."

"నీకు తెలుసా?"

"నిలబెట్టొచ్చిన రోజే చెప్పాడు. ఒకటి నాది, ఒకటి దానిది అన్నాడు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే అది రాయి వదలదు, దాని చేతులు నా చేతులైపోతాయి అన్నాడు. సరే అన్నాను." ముసలావిడ కూతురి చెయ్యి తడిమి పట్టుకుని, అరచేతిని బొటనవేలితో రుద్ది చూసింది. "చెప్పకపోయినా అయ్యాయి. తర్వాత నీకు తెలిసిపోయి ఉంటుందనుకున్నా. నువ్వెప్పుడూ అడగలేదుగా."

యొన్‌హ్వా అక్కకు ఆ మాటకు చాలా కోపమొచ్చింది. మూడు రోజులు తల్లితో మాట్లాడలేదు. వచ్చిన కోపం ఎవరి మీదో నేను చెప్పలేను, పోయినాయన మీదేమో. నాలుగో రోజు గోడ మీద నుంచి ఉలి చప్పుడు వినపడింది.

మరుసటి ఏడు పాడ్యమికి చాంగ్‌హో తనే ఫోన్ చేసి ఆమెను రమ్మన్నాడు. కొడవలి కూడా తెచ్చుకోమన్నాడు. ఆ బీడులో ఇప్పుడు వాళ్లకు రెండు సమాధులు. ముందు తాత దగ్గర గడ్డి కోసి, సారా పోసి, తర్వాత దేవదారు చెట్ల అవతలికి వెళ్లారు. మంచు లేదు, కింద సముద్రం దాకా కనపడుతోంది. నేను లారీ ఆపి వెనకే వెళ్లాను. నాకక్కడ పనేమీ లేదు, ఊరికే వెళ్లాను.

ఆమె సంచిలో ఎప్పుడూ ఒక చిన్న ఉలి ఉంటుంది. చాంగ్‌హో దాన్ని చూసి, పంటినొప్పి పిల్లాడి తల మీద చెయ్యి వేసి నవ్వాడు.

"ఇప్పుడు పెద్ద శిల్పివి కదా. పాపం వీడు నలభై ఐదేళ్లుగా పంటినొప్పితో నిలబడ్డాడు. రెండు దెబ్బలేసి ఆ మూతి సరిచెయ్యరాదూ?"

ఆమె గడ్డి కోస్తూనే ఉంది. నేను మా గోడలో మూడు బారల మేర తలుచుకున్నాను, పొద్దున్నే వచ్చి విప్పేసిన ఆ చేతులను తలుచుకున్నాను.

"నాన్న దిద్దకుండా వదిలేశాడన్నయ్యా," అందామె. "నేనెందుకు ముట్టుకుంటాను?"